దక్కన్ రాళ్ళ వేట: ఎవరి దగ్గర కొనాలి, ఎవరి దగ్గర వద్దు

పుణెలో చల్లటి ఏసీ షోరూమ్‌లో 7,500 పోసి కొన్న కావన్‌సైట్ (నీలి స్ఫటికం) ముక్క జిగురుతో అతికించినది. అజంతా పార్కింగ్ దగ్గర వెంటపడి వెంటపడి 200కి అంటగట్టిన రాయి మాత్రం అసలు సిసలైనది. ఈ సంగతి చెబుదామనే ఇదంతా రాస్తున్నాను. స్ఫటికాల కోసం మహారాష్ట్ర వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు డబ్బులు మిగిలితే చాలు.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం కాస్త వెనక కథ. దక్కన్ అంటే దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొర మీద పొరగా పారిన లావా. అది గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుకున్న వాయువుల వల్ల రాతిలో బొరియలు మిగిలాయి. తర్వాత వేడినీళ్ళు ఆ బొరియల్లోకి ఊరి, రాతిలోంచి కరిగించి తెచ్చిన సరుకును గోడలకి స్ఫటికాలుగా పేర్చాయి. స్టిల్‌బైట్, హ్యూలాండైట్, స్కోలిసైట్ లాంటి జియోలైట్లు (ఇదొక ఖనిజాల కుటుంబం), వాటి పక్కనే ఉండే అపోఫిలైట్, ఓకెనైట్, ప్రీనైట్ అన్నీ అలా పుట్టినవే. 1863లో తెరిచిన భోర్ ఘాట్ రైలు మార్గం కోసం కొండలు తొలిచినప్పుడు బయటపడ్డ అపోఫిలైట్లు అప్పట్లోనే సముద్రాలు దాటి మ్యూజియాలకి చేరాయి. ఇప్పటికీ అంతే. మేలిరకం ముక్కలు అమెరికాలో టూసాన్ ఖనిజాల సంతకో, జర్మనీలో మ్యూనిక్ సంతకో ఎగిరిపోతాయి. మనకి దొరికేది రెండో వరస. ఆ రెండో వరసకే కళ్ళు చెదురుతాయి, అది వేరే విషయం.

ఇక్కడ ఎక్కువగా కంకర క్వారీలో బ్లాస్టింగ్ చేసినప్పుడో, రైతు బావి తవ్వుకుంటున్నప్పుడో పాకెట్ (స్ఫటికాలున్న బొరియ) తగులుతుంది. వెంటనే ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళకపోతే ఆ స్ఫటికాలు క్రషర్‌లో పడి రోడ్డు కింద కంకరైపోతాయి. అందుకే క్వారీల చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న వ్యాపారులు పుట్టుకొచ్చారు. మంచివాళ్ళు, మోసగాళ్ళు అందరూ వాళ్ళలోనే ఉన్నారు.

నాతో మా ఆవిడ, మా బావమరిది వచ్చారు. షిరిడీ దర్శనం లేకపోతే రానని ఆవిడ ముందే చెప్పేసింది. బావమరిదికి కెమెరా, తిండి ఉంటే చాలు. నా రాళ్ళన్నీ వాడి లెక్కలో కంకరే.

కాచిగూడలో రాత్రి రైలెక్కితే పొద్దున్నే ఔరంగాబాద్, అదే ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్. అక్కడి నుంచి అజంతా చూపించి సాయంత్రానికి జల్‌గావ్‌లో దింపడానికి కారుకి 4,200 తీసుకున్నాడు. గుహల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, వెళ్ళి చూడాల్సిందే. సోమవారం అజంతాకి సెలవు, మంగళవారం ఎల్లోరాకి సెలవు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళకి టికెట్ 40 రూపాయలు.

కారు కిందనే ఆపేసి, అక్కడి నుంచి షటిల్ బస్సులో గుహల దగ్గరికి వెళ్ళాలి. కారు దిగీ దిగగానే రాళ్ళ కుర్రాళ్ళు చుట్టుముట్టారు. ఒకడు చేతిలో చిన్న స్ఫటికం పెట్టి "ఫ్రీ గిఫ్ట్ సాబ్, వచ్చేటప్పుడు నా షాపుకే రావాలి" అని తన షాపు నంబరు మూడుసార్లు చెప్పించుకున్నాడు. మా ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తిరిగి వచ్చేసరికి వాడు అక్కడే కాచుకుని ఉన్నాడు. అరచేయంత స్టిల్‌బైట్, దాని మీద గోళీకాయంత అపోఫిలైట్. "గుహలోంచి తీసింది సాబ్, 1,500." గుహలోంచి కాదు, ఎక్కడో క్వారీలోంచి వచ్చి ఉంటుంది. పురావస్తు శాఖ కాపలాలో ఉన్న గుహలో ఎవడు సుత్తి వేస్తాడు? నడుస్తూనే ఉన్నాం, ధర దిగుతూనే ఉంది. బస్సు షెడ్డు దగ్గర 800, కారు దగ్గర 350, కారు తలుపు వేస్తుంటే 200. భూతద్దం పెట్టి చుట్టూ చూశాను. ఎక్కడా అతుకు లేదు. వాడు ఊరి గురించి అబద్ధం చెప్పాడు గానీ రాయి గురించి కాదు. సేకరించేవాళ్ళకి ఊరి పేరు లేని రాయి విలువ సగం తక్కువే, కానీ 200కి ఇంకేం కావాలి?

అవే షాపుల్లో గులాబీ, చిలకపచ్చ, నీలం రంగుల్లో దూదిపింజల్లాంటి రాళ్ళు పెట్టి ఉంటాయి. అవి మాత్రం ముట్టుకోకండి. ఓకెనైట్ సహజంగా తెల్లగా ఉంటుంది, ఆ రంగులన్నీ అద్దకమే.

జల్‌గావ్‌లో దిగింది స్టేషన్ పక్క లాడ్జి, 1,100, శుభ్రంగా ఉంది. మర్నాడు తెలిసినవాళ్ళ ద్వారా ఒక ముసలాయన ఇంటికి వెళ్ళాం. ఒకప్పుడు క్వారీలో కాంట్రాక్టులు చేసేవాడట. షోరూమ్ లేదు, బోర్డు లేదు. వెనక గదిలో మంచం, మంచం కింద అరటిపళ్ళ అట్టపెట్టెలు, వాటినిండా మరాఠీ పేపర్లలో చుట్టిన రాళ్ళు. ఆయన ఒక్కొక్కటే విప్పి దుప్పటి మీద పెడుతుంటే బావమరిది కూడా కెమెరా పక్కన పెట్టి కూర్చున్నాడు. పీచ్ రంగు స్టిల్‌బైట్, మధ్యలో నొక్కి కట్టిన గడ్డిమోపులా రెండు వైపులా విచ్చుకుని ఉంది. దాని ఒడిలో లేత ఆకుపచ్చ అపోఫిలైట్. పక్క ముఖాల మీద నిలువుగా సన్నటి గీతలు, పైముఖం మాత్రం ముత్యంలా మెరుస్తోంది. కిటికీ వెలుతురులో తిప్పితే లోపల పొర ఒకటి ఇంద్రధనుస్సు రంగులో తళుక్కుమంది.

నేను ధర అడగకముందే ఆయన దాన్ని బోర్లించి గోరుతో చూపించాడు. "ఇదిగో, ఇక్కడ విరిగింది. నేనే అతికించాను. బాగుంటే 4,500 చెప్పేవాణ్ణి, ఇది 2,800కి ఇస్తాను. దీన్ని మళ్ళీ ఎవరికైనా అమ్మితే ఈ మాట చెప్పి అమ్ము బాబూ." నేను అతుకు లేని ఇంకో ముక్క 3,600కి, సూదుల గుత్తిలాంటి స్కోలిసైట్ 900కి, పుణె వైపు నుంచి వచ్చిందని ఒక తెల్లటి ఓకెనైట్ 650కి తీసుకున్నాను. మొత్తం 5,150. దేనికి దానికి క్వారీ ఉన్న ఊరి పేరు చీటీ మీద రాసిచ్చాడు. ఒక చీటీ రాయబోయి ఆగి, ఇది ఎక్కడిదో తనకి రూఢిగా తెలియదని వట్టి జిల్లా పేరే రాశాడు. ఆ ఒక్కదానికే ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్తాను.

మధ్యాహ్నం ఆయన చెప్పిన చిన్న హోటల్లో వంకాయ భరీత్, భాకరీ (రొట్టె) తిన్నాం. మనిషికి 120. కాల్చిన వంకాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పల్లీలు. బావమరిది రెండోసారి, మూడోసారి కూడా వేయించుకుని "బావా, రాళ్ళ కోసం ఇంకో ఊరుంటే చెప్పు, వెళ్దాం" అన్నాడు. అప్పటిదాకా సణిగినవాడే.

రైల్లో నాసిక్ రోడ్, అక్కడి నుంచి సిన్నర్. గార్గోటి మ్యూజియం సిన్నర్ పారిశ్రామికవాడలో ఉంది. నేవీలో పనిచేసి వచ్చిన కె.సి. పాండే తన సేకరణతో 2001లో పెట్టారు. బయటి నుంచి చూస్తే ఆఫీసు బిల్డింగేమో అనిపిస్తుంది. లోపలికి వెళ్తే మాట రాదు. పసుపు-నారింజ రంగు పావెలైట్, ఆకుపచ్చ అపోఫిలైట్లు, కొబ్బరికాయ కంటే పెద్ద బొరియల్లో మెరిసే స్ఫటికాలు. నా సలహా ఒకటే: ఏ దుకాణంలోనైనా పర్సు తీసేముందు ఇక్కడ ఒక పూట గడపండి. మంచి ముక్క ఎలా ఉంటుందో కంటికి అలవాటైపోతే అమ్మేవాళ్ళ మాటలు అంత తేలిగ్గా చెల్లవు.

షిరిడీలో దర్శనం బాగా జరిగింది, మా ఆవిడ సంతోషించింది.

షిరిడీ నుంచి పుణెకి ఎర్ర బస్సు ఎక్కాం. ఎస్టీ (అక్కడి ఆర్టీసీ) బస్సుల్లో ఆడవాళ్ళకి సగం టికెట్టే. రాళ్ళ పిచ్చి ఉంటే ఈ దారి చాలా బాగుంటుంది. మధ్యలో రాహురీ వస్తుంది. దాని దగ్గరే మోమిన్ అఖాడా, 2001లో అక్కడి పాకెట్‌లోంచి గుండ్రటి ఆకుపచ్చ అపోఫిలైట్ గుత్తులు వచ్చాయి. సేకర్తలు వాటిని డిస్కో బాల్స్ అంటారు. పుణె చేరబోతుండగా వచ్చే ఊరు వాఘోలీ.

కావన్‌సైట్ అంటే వాఘోలీ, వాఘోలీ అంటే కావన్‌సైట్. కాల్షియం, వెనేడియం, సిలికా కలిసిన ముదురు నీలి ఖనిజం. 1973లో అమెరికాలోని ఆరెగన్ నుంచి మొదట వర్ణించారు గానీ, చూడదగ్గ ముక్కలంటే వాఘోలీ క్వారీలవే. దీని కవల పెంటగోనైట్ (కూర్పు ఒకటే, స్ఫటిక నిర్మాణం వేరు) కూడా అక్కడే దొరుకుతుంది. క్వారీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. ఓనర్ చిట్టీ లేనిదే పంపనని, లోపల బ్లాస్టింగ్ ఉందని చెప్పాడు. న్యాయమే. సుత్తి పట్టుకెళ్ళి ఏరుకుందామనుకునే వాళ్ళు ఆ ఆశ వదిలేసుకోండి. రాత్రి దిగిన లాడ్జి 1,800, ఏసీ రూమ్ అన్నారు. రిమోట్ కావాలంటే రిసెప్షన్‌లో ఇంకో 300 కట్టాలట!

ఇక ఆ షోరూమ్. పుణెలో పెద్ద రోడ్డు మీద గాజు అరలు, అర అరకీ లైట్లు, ప్రతి ముక్క కింద ఊరి పేరుతో అచ్చు వేసిన కార్డు. తెల్లటి స్టిల్‌బైట్ మీద బఠాణీ గింజంత నీలి బంతులు మూడు. 9,000 చెప్పి 7,500కి దిగాడు. రిపేర్ ఏమైనా ఉందా, అతికించారా అని సూటిగానే అడిగాను. "నేచురల్ సార్, హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు. నా అతినీలలోహిత టార్చ్ బావమరిది బ్యాగులో ఉంది, వాడేమో మిసళ్ తినడానికి పోయాడు. బిల్లు తీసుకుని వచ్చేశాను.

రూములో లైట్లు ఆర్పి టార్చ్ వేశాం. స్టిల్‌బైట్ చీకటిగానే ఉంది. మూడు నీలి బంతుల మొదట్లో మాత్రం ఒక్కో దాని చుట్టూ తెల్లటి రింగు వెలిగింది. చాలా రకాల జిగురు ఆ వెలుతురులో అలాగే బయటపడుతుంది. మా ఆవిడ దగ్గర గోళ్ళ రంగు తుడిచే ద్రవం ఉంటే (అందులో జిగురును కరిగించే ఎసిటోన్ ఉంది) ఇయర్‌బడ్‌తో అద్దాను. కాసేపటికి ఒక బంతి కదిలింది, ఇంకాసేపటికి చేతిలోకి వచ్చేసింది. దాని కింద స్టిల్‌బైట్ ముఖాలు నున్నగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. నిజంగా అక్కడే పెరిగి ఉంటే ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుని, ఊడదీస్తే గుంట కనపడాలి.

మర్నాడు షాపు తీయగానే వెళ్ళాం. వాడు తొణకలేదు. "అతికించినా రాయి నేచురలే కదా సార్" అన్నాడు. బిల్లు వెనక్కి తిప్పి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసిన లైను చూపించాడు. నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని కౌంటర్ ఎదురుగా కూర్చుంది. లోపలికి వచ్చిన ప్రతి కస్టమర్‌కీ ఊడిన బంతి అరచేతిలో పెట్టి, "చూడండి భయ్యా, ఇది 7,500" అని హిందీలో మర్యాదగా చెప్పడం మొదలుపెట్టింది. ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కలుపుతున్నానని ఫోన్ తీసేసరికి ఓనర్ ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు. డబ్బు ఇవ్వలేదు గానీ మార్చుకోమన్నాడు. ఒక హ్యూలాండైట్ 4,000కి, రాతి మీద లేని విడి కావన్‌సైట్ గుత్తి 2,800కి తీసుకున్నాను. ఈసారి టార్చ్ వేసి, భూతద్దం పెట్టి, వాడి ఎదురుగానే చూశాను. మిగతా 700కి చీటీ రాసిచ్చాడు.

కావన్‌సైట్ కొంటే విడిగా ఉన్నది కొనుక్కోవడమే మేలు. రాతి మీద ఉన్నదే కావాలంటే బంతి మొదలు నాలుగు వైపులా కనిపించేదే తీసుకోండి. టార్చ్ వేయనివ్వని దుకాణంలో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. అయితే కాల్సైట్ లాంటివి వాటంతట అవే వెలగొచ్చు, వెలిగిన ప్రతిదీ జిగురు కాదు. వెలుగు అతుకు దగ్గర రింగులా ఉందా లేదా అన్నదే చూడాలి.

తెచ్చుకోవడం గురించి కూడా చెప్పాలి. స్టిల్‌బైట్, హ్యూలాండైట్ మెత్తటి కాగితంలో చుట్టి పేపరు ఉండలు కుక్కితే చాలు. అపోఫిలైట్ అడ్డంగా ఇట్టే చీలిపోతుంది, దాని పైముఖం మీద ఒత్తిడి పడకూడదు. ఓకెనైట్‌కి కాగితం కూడా తగలకూడదు. వేలు ఆనితే ఆ పోగులు అణిగిపోతాయి, మళ్ళీ లేవవు. అడుగు రాయిని దారంతో డబ్బాకి కట్టేసి మూత పెట్టాలి. సికింద్రాబాద్ దాకా ఆ డబ్బా బావమరిది ఒళ్ళోనే ఉంది, వాడు టీ కూడా తాగనన్నాడు.

ఇంటికొచ్చాక మట్టి పోవాలంటే మంచినీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు, అది కూడా స్టిల్‌బైట్ లాంటి గట్టి గుత్తులకే. స్కోలిసైట్ సూదులకి బ్రష్ తగలనివ్వకండి, ఓకెనైట్‌ని అసలు కడగకండి. బాత్రూమ్ యాసిడ్‌తో మెరిపిద్దామని మాత్రం అనుకోకండి. కాల్సైట్ నురగై పోవడం ఒక ఎత్తు, దానితోపాటు అపోఫిలైట్, జియోలైట్లు కూడా పాడైపోతాయి.