పానిక్ అటాక్స్ వచ్చే పిల్లలకి కౌన్సెలింగ్ పనిచేస్తుందా? మా అమ్మాయికి చేయించాక రాస్తున్న రివ్యూ

సూటిగా చెప్పేస్తాను, పనిచేస్తుంది, కానీ ఏ కౌన్సెలింగ్ పడితే అది కాదు. మా పదకొండేళ్ళ అమ్మాయిని మేం తీసుకెళ్ళింది పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి. ఆవిడ చేసింది సీబీటీ, అంటే భయం వచ్చినప్పుడు మనం ఏమనుకుంటున్నాం, ఏం చేస్తున్నాం అన్న రెండింటినీ కలిపి మార్చే థెరపీ. కొన్ని సెషన్లు ఎదురుగా కూర్చుని, కొన్ని వీడియోలో జరిగాయి. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే "బాగా మాట్లాడారు, ధైర్యం చెప్పారు" అని ఉండే రివ్యూలు నేను బోలెడు చదివాను, గదిలో అసలు ఏం చేస్తారో వాటివల్ల ఒక్క ముక్క తెలియలేదు.

ముందుగా ఒక సంగతి. పానిక్ అటాక్ అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే విపరీతమైన భయం. అందులో ఉండే గుండె దడ, ఊపిరి అందకపోవడం, కళ్ళు తిరగడం లాంటివి ఆస్తమాలో, థైరాయిడ్ తేడాల్లో, రక్తహీనతలో, కొన్ని గుండె సమస్యల్లో కూడా వస్తాయి. అందుకని పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించాకే ఇటు రావాలి. ఆవిడ కూడా అపాయింట్‌మెంట్ ఇచ్చేముందే డాక్టరు ఏమన్నారో అడిగారు, అది అడగని చోటికి నేనైతే వెళ్ళను. అన్నీ నార్మల్ అని తేలాక మాత్రం ఇంకో టెస్టు, ఇంకో స్కాన్ అంటూ తిప్పొద్దని కూడా ఆవిడే చెప్పారు, తిప్పినకొద్దీ "నాలో ఏదో ఉంది, వీళ్ళకి దొరకట్లేదు" అన్న అనుమానం పిల్లల్లో గట్టిపడుతుంది. అలాగే ఒకసారి అటాక్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. హఠాత్తుగా మళ్ళీ మళ్ళీ వస్తూ, మళ్ళీ వస్తుందేమో అన్న భయం గానీ, దానికోసం పనులు మానేయడం గానీ నెల, ఆపైన ఉంటే అప్పుడు పానిక్ డిజార్డర్ అంటారు.

మొదటి సెషన్‌లో నాకు బాగా నచ్చింది, పాపని "ఎందుకు భయపడుతున్నావు" అని అడగకపోవడం. అందరూ అడిగేది అదే, పిల్లల దగ్గర జవాబు లేనిదీ అదే. ఆవిడ ఒక కాగితం మీద మనిషి బొమ్మ గీసి, "అది వచ్చినప్పుడు నీకు ఎక్కడెక్కడ ఏమవుతుందో రంగు వెయ్యమ్మా" అన్నారు. మా అమ్మాయి గుండె దగ్గర ఎర్రగా దిద్దింది, తర్వాత ఆలోచించి వేళ్ళకీ పెదాలకీ నీలం వేసింది. పెదాలు తిమ్మిరెక్కుతాయన్న విషయం మాకు అంతవరకూ చెప్పనే లేదు. ఆ నీలం రంగు పట్టుకునే ఆవిడ మొత్తం వివరించారు. ప్రమాదం అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి గబగబా తీస్తాం. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, అది తగ్గితే వేళ్ళూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి "నాకేదో అయిపోతోంది" అనుకుంటాం, ఆ అనుకోవడంతో అడ్రినలిన్ ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని బ్రిటిష్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ 1986లోనే రాశారు, ఇప్పటి థెరపీ చాలావరకు దాని మీదే నడుస్తోంది. పాప అన్నీ విని, "అయితే చచ్చిపోనా?" అని అడిగింది. "పోవు. చాలా కష్టంగా ఉంటుంది, కానీ దానివల్ల ఎవరూ చచ్చిపోరు" అన్నారావిడ, ఎక్కడా తడుముకోకుండా. కార్లో ఇంటికొస్తూ మా అమ్మాయి ఆ బొమ్మని చేతిలోంచి వదల్లేదు.

అటాక్ కొద్ది నిమిషాల్లోనే, మామూలుగా పది నిమిషాల లోపే, పతాక స్థాయికి వెళ్ళి తర్వాత దానంతటదే దిగుతుంది. ఇది మాటల్లో చెప్తే పిల్లలు నమ్మరు. ఆవిడ నమ్మించిన పద్ధతే ఈ థెరపీలో అసలు సరుకు, నాలుగు స్టార్లలో రెండు దీనికే. భయపెట్టే ఆ లక్షణాల్నే కావాలని, కొద్దికొద్దిగా తెప్పిస్తారు. నిలబడ్డచోటే పరిగెత్తితే గుండె దడ వస్తుంది, స్ట్రాలోంచి మాత్రమే ఊపిరి తీస్తే ఊపిరాడనట్టు ఉంటుంది, కుర్చీలో గిరగిరా తిరిగితే కళ్ళు తిరుగుతాయి. మా అమ్మాయికి కుర్చీ పద్ధతి చేయించారు. తిప్పి ఆపగానే మొహం పాలిపోయి, కుర్చీ అంచులు రెండు చేతులా పట్టుకుని "అమ్మా, ఇదే, ఇదే వస్తోంది" అంది. నేను లేవబోయాను, ఆవిడ అరచేత్తోనే కూర్చోమని సైగ చేశారు. "సున్నా నుంచి పది దాకా, ఇప్పుడు భయం ఎంత?" ఎనిమిది. ఏమీ చెయ్యలేదు, నీళ్ళివ్వలేదు, వీపు నిమరలేదు, ముగ్గురం అలా కూర్చున్నాం. "ఇప్పుడు?" ఆరు. ఇంకాసేపటికి మూడు. "ఎవరు తగ్గించారు?" అని అడిగారు. పాప నా వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది, "ఎవరూ కాదు" అంది. ఆ తర్వాతి సెషన్లో తనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. దయచేసి ఇది చదివి ఇంట్లో కుర్చీలు తిప్పేయకండి, ఆస్తమా, ఫిట్స్, గుండె సమస్యలు ఉన్న పిల్లలకి డాక్టరు సరేనంటేనే చేయిస్తారు, ఏది ముందు ఏది తర్వాత అన్నది కూడా తెలిసినవాళ్ళే నిర్ణయించాలి.

ఊపిరి వ్యాయామాల గురించి చాలామంది అడుగుతారు. నేర్పిస్తారు, పొట్ట కదిలేలా నెమ్మదిగా తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం. ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజూ చేయిస్తే అవసరమైనప్పుడు ఒళ్ళు దానంతటదే అందుకుంటుంది. అటాక్ మధ్యలో "గట్టిగా ఊపిరి పీల్చు" అంటే మాత్రం ఎదురు తిరుగుతుంది, అప్పటికే ఎక్కువ పీలుస్తున్న పిల్లని ఇంకా పీల్చమన్నట్టు అవుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయించడం ఇప్పుడు వద్దంటున్నారు, అది పానిక్ కాకుండా ఆస్తమా అయితే ప్రమాదం. ఫోన్‌లో వృత్తం పెద్దదవుతూ చిన్నదవుతూ ఉండే యాప్‌లు సాధనకి పనికొస్తాయి, అంతకుమించి ఆశించొద్దు. ఊపిరి వల్లే బతికిపోయాను అని పిల్ల నమ్మడం మొదలుపెడితే అదీ ఒక ఊతకర్ర అయిపోతుందని ఆవిడ అన్నమాట నాకు సబబుగా అనిపించింది.

ఇక తల్లిదండ్రుల సెషన్. మా ఆయనా నేనూ కూర్చున్నాం. ఇంట్లో పాప భయం కోసం చేస్తున్న సర్దుబాట్లన్నీ రాయించారు: లిఫ్ట్ మానేసి మెట్లెక్కడం, జనం ఉండే చోటికి వెళ్ళకపోవడం, గంటగంటకీ "బానే ఉన్నావా" అని అడగడం, స్కూల్ నుంచి ఫోన్ రాగానే పరుగెత్తడం. ప్రేమ ఉన్న ఏ ఇంట్లోనైనా చేసేవే. కానీ ప్రతి సర్దుబాటూ "నువ్వు తట్టుకోలేవు" అని పిల్లకి చెప్తుందని విడమర్చి చూపించారు. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం, ముందు ఏది తీయాలో పాపనే ఎంచుకోమన్నారు, లిఫ్ట్ ఎంచుకుంది. పిల్లతో కాకుండా తల్లిదండ్రులతోనే పనిచేసే పద్ధతి ఒకటి అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్ట్ తయారుచేశారు. ఆందోళన సమస్యలున్న పిల్లల మీద 2020లో వచ్చిన ఆయన బృందం అధ్యయనంలో, పిల్లలకి నేరుగా చేసిన సీబీటీకి అది తీసిపోలేదు. పిల్ల మొండికేసి ఎవరితోనూ మాట్లాడనంటే ఇలాంటి దారి కూడా ఉందని తెలుసుకోండి.

అటాక్ వచ్చినప్పుడు ఏమనాలో కూడా మాతో పలికించారు. "ఏం కాలేదు, ఊరుకో" అంటే ఒళ్ళంతా వణుకుతున్న పిల్లకి మనం అబద్ధం చెప్తున్నట్టే ఉంటుంది. "ఇది పానిక్. కష్టంగా ఉందని తెలుసు. తగ్గుతుంది. నేనిక్కడే ఉన్నాను." అంతే, గొంతు పెంచకుండా ఒకసారి చెప్పి ఊరుకోవాలి. మా ఆయనకి ఊరుకోవడమే కష్టమైంది, ప్రాణం ఆగేది కాదు. స్కూలుకి ఆవిడ ఒక ఉత్తరం రాసిచ్చారు, పాప చిన్న కార్డు చూపిస్తే టీచర్ ప్రశ్నలు వేయకుండా పది నిమిషాలు బయటికి పంపాలి, ఇంటికి మాత్రం పంపకూడదు, తిరిగి క్లాసులోకే రావాలి. ఈ ఉత్తరం మాకు చాలా అక్కరకొచ్చింది.

పోయిన స్టారు సంగతి. తల్లిదండ్రుల సెషన్ చాలా ఆలస్యంగా పెట్టారు, అది మొదట్లోనే ఉండాల్సింది, ఎందుకంటే ఆవిడ దగ్గర గంటసేపు నేర్చుకున్నది ఇంట్లో వారమంతా నిలబడాలి కదా. వీడియో సెషన్లు నాకు నచ్చలేదు, పాప కెమెరాలోంచి పక్కకి జరిగి "ఊఁ" అంటూ గడిపేసేది, కుర్చీ లాంటివి తెరమీంచి జరిగే పని కాదు. హోంవర్క్ కాగితాలు పెద్దవాళ్ళకి చేసినట్టున్నాయి, స్కూలు చదువుతో పాటు అదో టెన్షన్. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రాత్రిపూట అటాక్ వస్తే ఎవరిని అడగాలో వాళ్ళు చెప్పలేదు.

పూర్తిగా పోయాయా అంటే, లేదు. పరీక్షల ముందు మళ్ళీ ఒకటి వచ్చింది, రావచ్చని ఆవిడ ముందే చెప్పి ఉంచారు. ఈసారి మా అమ్మాయి మంచం మీద కూర్చుని "అమ్మా, ఎనిమిది" అంది, కాసేపాగి "ఐదు" అంది, తర్వాత పుస్తకం తెరిచింది. నేను పక్కన ఉన్నాను, ఏమీ చెయ్యలేదు.

కొందరు పిల్లలకి థెరపీతో పాటు మందులు కూడా కావాల్సి వస్తాయి, అవి సైకాలజిస్ట్ రాయరు, సైకియాట్రిస్ట్ రాస్తారు, అందులో ఓడిపోయినట్టేమీ లేదు. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పి పడిపోయినా, చచ్చిపోవాలనుంది లాంటి మాటలు అన్నా సెషన్ దాకా ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇక ఎవరి దగ్గర బుక్ చేస్తున్నా ముందు ఫోన్‌లో మూడు విషయాలు అడగండి: ఈ వయసు పిల్లలతో పనిచేశారా, భయపడే లక్షణాల్ని గదిలోనే తెప్పించి చేయిస్తారా, మొదటి రెండు మూడు సెషన్లలోపే తల్లిదండ్రులతో విడిగా కూర్చుంటారా. రెండోదానికి "అయ్యో, అలాంటివి పిల్లలతో చేయించం, రిలాక్స్ చేయిస్తాం అంతే" అన్నారంటే నేనైతే ఇంకొకళ్ళని వెతుక్కుంటాను.