పోగులపై ఏ పూత మేలు: కార్బనా, బోరాన్ నైట్రైడా?

సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ పోగులను అదే సిలికాన్ కార్బైడ్ మాతృకలో (పోగుల చుట్టూ నిండి వాటిని కలిపి ఉంచే పదార్థంలో) పొదిగినప్పుడు మధ్యలో పూత లేకపోతే, మాతృకలో పుట్టిన పగులు పోగులను కూడా కోసుకుంటూ పోతుంది. అప్పుడు ఆ మిశ్రమం మామూలు సిరామిక్‌లాగే పెళుసుగా విరుగుతుంది. సుమారు 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోగుపై మైక్రాన్‌కు లోపు మందంతో వేసే పూత కావాలనే బలహీనంగా ఉంచిన పొర. పగులు అక్కడికి వచ్చి పోగు వెంబడి పక్కకు మళ్లుతుంది, తెగని పోగు పగులు రెండు అంచులనూ పట్టి ఉంచుతుంది. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే, పూత పనిచేసిన చోట పోగుల కొసలు కుచ్చులా బయటికి పొడుచుకువచ్చి ఉంటాయి. పనిచేయని చోట అంతా ఒకే మట్టంగా కనిపిస్తుంది.

గది ఉష్ణోగ్రతలో ఈ పనికి పైరోలిటిక్ కార్బన్ (వాయువును వేడితో విడగొట్టి పొరలుగా పేర్చిన కార్బన్) చక్కగా సరిపోతుంది. అప్పుడే తయారైన నమూనా బలాన్నే కొలమానంగా తీసుకుంటే దాన్ని కాదనడానికి కారణం కనబడదు. నా దృష్టిలో ఆ కొలమానమే చాలదు. పగులు గుండా గాలి లోపలికి చేరితే 500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే కార్బన్ కాలి వాయువుగా పోతుంది, పోగు చుట్టూ ఖాళీ మిగులుతుంది, మాతృక నుంచి పోగుకు భారం అందే దారి పోతుంది.

బోరాన్ నైట్రైడ్‌ది కూడా పొరల నిర్మాణమే, కానీ అది ఆక్సీకరణకు ఇంకా ఎక్కువ వేడి దాకా తట్టుకుంటుంది; ఆక్సీకరణ చెందినా ద్రవ బోరాన్ ఆక్సైడ్‌గా మారి, సిలికాన్ కార్బైడ్ ఆక్సీకరణతో ఏర్పడే సిలికాతో కలిసి గాజై, పగులును కొంత పూడుస్తుంది. చిక్కల్లా నీటి ఆవిరితోనే, అదేమో ఇంధనం మండిన వాయువుల్లో తప్పకుండా ఉంటుంది. ఆ ఆవిరి బోరాన్‌ను వాయురూపంలో ఎగరగొడుతుంది, మిగిలిన గాజు పోగును మాతృకకు అతికించేస్తుంది, కథ మళ్లీ పూత లేని స్థితికే వస్తుంది. విచిత్రమేమంటే ఈ నష్టం అత్యధిక వేడిలో కంటే 700–900 డిగ్రీల మధ్యే ఎక్కువ, ఎందుకంటే పైస్థాయి వేడిలో సిలికా త్వరగా ఏర్పడి పగులు నోటిని మూస్తుంది. పూతలో సిలికాన్ కలిపితే తేమకు తట్టుకునే శక్తి పెరుగుతుంది.

కాబట్టి జెట్ ఇంజిన్ భాగాలకు నా ఓటు సిలికాన్ కలిపిన బోరాన్ నైట్రైడ్‌కే. 2016లో విమానయాన సేవలోకి వచ్చిన లీప్ అనే జెట్ ఇంజిన్‌లో టర్బైన్ ష్రౌడ్‌లు (టర్బైన్ రెక్కల కొసల చుట్టూ ఉండే వలయపు భాగాలు) ఈ సిలికాన్ కార్బైడ్ మిశ్రమంతో చేసినవే. తయారీలో చూసినా, కరిగిన సిలికాన్‌ను మాతృకలోకి ఇంకించే పద్ధతిలో కార్బన్ పూత సిలికాన్‌తో చర్య జరిపి కార్బైడ్‌గా మారిపోతుంది. బోరాన్ నైట్రైడ్‌కు సైతం పైన సిలికాన్ నైట్రైడ్ వంటి రక్షణ పొర అవసరమవుతుంది. అణు రియాక్టర్ ఇంధన తొడుగుల దగ్గర మాత్రం ఎంపిక తలకిందులవుతుంది: బోరాన్‌లోని ఒక ఐసోటోప్ అయిన బోరాన్-10 న్యూట్రాన్లను మింగి హీలియం, లిథియంగా విడిపోతుంది గనుక అక్కడ కార్బన్‌నే పలుచగా గానీ, సిలికాన్ కార్బైడ్‌తో వరుస పొరలుగా గానీ వేస్తారు.