క్లౌన్ ఫిష్ గుడ్లు: తండ్రి దగ్గరే ఉంచాలా, వేరే ట్యాంకుకు మార్చాలా?

ఇంటి అక్వేరియంలో క్లౌన్ ఫిష్ (తెల్ల చారలుండే చిన్న సముద్రపు చేప) గుడ్లు పెట్టడం అంత అరుదైన సంగతేమీ కాదు. జంట కుదిరి, తిండి బాగుండి, నీళ్లు 26–28 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటే వాటంతట అవే పెడతాయి. జంట కోసం ఆడా మగా చూసి కొనాల్సిన పని కూడా లేదు. పుట్టుకతో ఏదీ ఆడది కాదు. రెండు చిన్నవాటిని కలిపి వదిలితే, పైచేయి సాధించింది పెరిగి ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. అసలు టెన్షన్ గుడ్లు పెట్టాకే.

పిల్లలు దక్కాలంటే దారులు రెండు. గుడ్లను తండ్రి దగ్గరే ఉంచి, అవి చిట్లిన రాత్రి పిల్లలను పట్టుకోవడం ఒకటి. గుడ్లు పెట్టడానికని ముందే ట్యాంకులో ఒక టైలు ఉంచి, చిట్లబోయే సాయంత్రం గుడ్లున్న ఆ టైలునే తీసి వేరే ట్యాంకులో పెట్టడం రెండోది. జంట కొత్తదైతే మాత్రం ఈ రెండూ వద్దు, ఊరికే చూస్తూ ఉండండి. తొలి విడతల గుడ్లను అవే తినేయడం మామూలే. ఆరోగ్యమైన జంట రెండు వారాలకు అటూ ఇటూగా మళ్లీ పెడుతుంది కాబట్టి పోయిందేమీ లేదు.

ఏ దారి పట్టినా చివరి రోజు దాకా గుడ్లు తండ్రి దగ్గర ఉండాల్సిందే. రెక్కలతో నీళ్లు విసురుతూ గుడ్లకు ఆక్సిజన్ అందించేది, నోటితో శుభ్రం చేసేది, చెడిపోయినవాటిని ఏరి తినేది ఎక్కువగా మగదే. ఆ పనిని ఎయిర్ స్టోన్‌తో (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వారం రోజులు చేయించాలని చూస్తే బూజు పడుతుంది. తేదీ లెక్క గుడ్లే చెబుతాయి: మొదట నారింజ రంగు, తర్వాత ముదురు గోధుమ, చివర్లో గుడ్డు గుడ్డులోనూ వెండిలా మెరిసే కళ్లు. నీటి వేడిని బట్టి ఆరు నుంచి పది రోజులు పడుతుంది. కళ్లు బాగా మెరుస్తున్నాయంటే గడువు దగ్గరపడినట్టే. చిట్లేది ఎప్పుడూ చీకటి పడ్డాకే, సాధారణంగా లైటు ఆర్పిన గంటా రెండు గంటల్లో.

మొదటి పద్ధతిలో ఆ రాత్రి ఫిల్టరు, పంపులు ఆపేసి, గదంతా చీకటి చేసి, ట్యాంకు ఒక మూల టార్చి వేయాలి. పిల్లలు వెలుతురు వైపు వస్తాయి. వల పెట్టకూడదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్రాణాలు, గాలి తగిలితే తట్టుకోలేవు. గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీసి వేరే ట్యాంకులో పోయాలి. ఖర్చు లేని పద్ధతే గానీ, ఎంత ఓపిక పట్టినా కొన్ని రాళ్ల సందుల్లోకి, కొన్ని మిగతా చేపల నోట్లోకి పోతాయి. రాతి మీదే గుడ్లు పెట్టే మొండి జంట అయితే వేరే గతి లేదు.

రెండో పద్ధతికి ముందుచూపు కావాలి. అవి తిరిగే చోట, అనిమోన్ (ఈ చేపలు ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఉంటే దాని మొదట్లో, ముందే ఒక సిరామిక్ టైలో చిన్న మట్టి కుండీయో ఆనించి పెట్టాలి. ఇరవై ముప్పై లీటర్ల ఖాళీ గాజు ట్యాంకుకు పక్కల నల్ల కాగితం అంటించి, పెద్ద ట్యాంకు నీళ్లే నింపాలి. సాయంత్రం టైలును నీళ్ల బకెట్‌లో ముంచే తీసుకెళ్లి అందులో పెట్టాలి. గుడ్ల పక్కనే ఎయిర్ స్టోన్ పెట్టి, గుడ్లు కొద్దిగా ఊగేంత గాలి వదలాలి. గాలి చాలకపోతే చాలా గుడ్లు చిట్లవు. ఈ పద్ధతిలో జనం దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఆ రాత్రి చిట్లకపోతే గాలి ఆపకుండా మర్నాటి చీకటి దాకా ఆగండి. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) హేచరీల్లోనూ గుడ్లను ఇలా టైలుతోనే మారుస్తారు.

నా ఓటు టైలుకే. పిల్లలు పుట్టిన చోటే పెరుగుతాయి, ముంచి పోసే దెబ్బ ఉండదు. పైగా ట్యాంకు చిన్నది కాబట్టి తిండి వాటి నోటి ముందే ఉంటుంది. అయితే ఈ మాట రోటిఫర్లు (నీటిలో పెరిగే అతి సూక్ష్మ జీవులు) సిద్ధంగా ఉన్నవాళ్లకే. పిల్లల మొదటి తిండి అదొక్కటే అనుకోండి. పొడి మేత నోటికి పట్టదు, అప్పుడే పుట్టిన ఆర్టీమియా (చేప పిల్లలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి రొయ్య లాంటి జీవి) కూడా మొదట్లో పెద్దదే. మిల్లీలీటరుకు పదికి తగ్గకుండా రోటిఫర్లు ఉండాలి, నీళ్లు నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ నాచుతో లేత పచ్చగా ఉండాలి. రోటిఫర్ల కల్చర్ (పెంపకం) ఉన్నట్టుండి చచ్చిపోతుంది కాబట్టి రెండు డబ్బాల్లో పెంచడం మేలు. ఇది లేకుండా ఏ పద్ధతిలో పిల్లలను తీసినా రెండు మూడు రోజులే.

ఐదారు రోజులకు ఆర్టీమియా మొదలుపెట్టొచ్చు. ఫిల్టరు ఉండదు కాబట్టి అమ్మోనియా పెరగకుండా రోజూ అడుగు మురికి లాగి, తీసినన్ని నీళ్లు చుక్కలుగా పోయాలి. పది రోజులకు అటూ ఇటూగా తెల్ల చారలు కనిపిస్తాయి. ఇక టైలు లాంటిదే ఇంకొకటి ముందే కొని ఉంచుకోండి. ఒకటి తీసిన సాయంత్రమే రెండోది అదే చోట పెట్టేస్తే, జంట మళ్లీ రాతి మీదకు పోయే అవకాశం తగ్గుతుంది.