మూసీ ఒడ్డున మూడు రోజులు, అమ్మతో

సంక్రాంతి తర్వాత ఒక శుక్ర, శని, ఆదివారాలు నేనూ, మా అమ్మా, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్ళొచ్చాం. ఫిల్మ్ సిటీ, గోల్కొండ, మాల్స్ అన్నీ ఇదివరకే చూసేశాం, పైగా ముగ్గురం వెళ్తే టికెట్లకీ తిండికీ వేలు దాటిపోతుంది. అందుకని ఈసారి టికెట్ లేని చోట్లే చూద్దాం, అదీ మూసీ వెంట నడుచుకుంటూ చూద్దాం అనుకున్నాం. మూసీ అనగానే మా చుట్టాలంతా ముక్కు మూసుకున్నారు, "నడవడానికి నీకు ట్యాంక్‌బండ్ దొరకలేదా" అన్నారు. వాసన ఉన్నమాట నిజమే, దాని గురించి చెప్తాను. కానీ హైదరాబాద్ అంటే ఏంటో నాకు అర్థమైంది మాత్రం ఈ నది పక్కన నడిచినప్పుడే.

ముందు ప్రయాణం. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం కింద, ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే ఆధార్ చూపించి అమ్మకీ నాకూ జీరో టికెట్, బాబుకి ఒక్కడికే డబ్బులు కట్టాం. సూపర్ లగ్జరీకి ఈ పథకం వర్తించదు, ఆ సంగతి తెలియక ఎక్కి కండక్టర్‌తో వాదన పెట్టుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు కూడా ఇదే, కాబట్టి మూడు రోజులూ మాకు బస్సు ఖర్చు దాదాపు లేదు. బస్సు దిగేది ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో. పాతవాళ్ళు ఇమ్లీబన్ అంటారే, అదే. ఈ బస్టాండ్ మూసీ రెండు పాయల నడుమ ఉంది. అంటే మీరు దిగడమే నది మధ్యలో దిగుతున్నారు. 2025 సెప్టెంబరులో నదికి ఎగువనున్న జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తినప్పుడు ఈ బస్టాండ్‌లోకే నీళ్ళొచ్చేశాయి, ఆ వీడియోలు చూసే ఉంటారు.

బస విషయంలో మొదట దెబ్బ తిన్నాం. నాంపల్లి వైపు ఒక లాడ్జి యాప్‌లో బుక్ చేశాను. తీరా వెళ్ళాక కౌంటర్లో అబ్బాయి "నుమాయిష్ టైమ్ కదా మేడమ్, ఆ రేటుకి ఇవ్వడం కుదరదు" అన్నాడు. ఎక్స్‌ట్రా బెడ్‌కి ఇంకో 600 అట. రూమ్ చూస్తే కిటికీ లేదు, బాత్రూమ్ గడప అమ్మ మోకాళ్ళకి పనికిరానంత ఎత్తు. గొడవ పడే ఓపిక లేక బయటికొచ్చేశాం. రిఫండ్ పది రోజుల తర్వాత వచ్చింది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి సగం దాకా నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ ఉంటుంది, ఆ రోజుల్లో వెళ్ళేవాళ్ళు నాంపల్లి వదిలేసి వేరేచోట చూసుకోండి. మాకు చివరికి కాచిగూడ స్టేషన్ దగ్గర ఒక మామూలు హోటల్ దొరికింది, ముగ్గురికి రోజుకి 1,500. లిఫ్ట్ ఉంది, తెల్లవారుజామునే వేడినీళ్ళు వచ్చాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. టీవీ పనిచేయలేదు, మాకు దాంతో పనీ లేదు. కింద వీధిలో పొద్దున ఆరున్నరకే ఇడ్లీ బండి. అక్కణ్నుంచి అఫ్జల్‌గంజ్ ఎంతో దూరం లేదు. మూసీ వైపు తిరగాలనుకునేవాళ్ళకి నా ఓటు కాచిగూడకే.

శుక్రవారం మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాం. 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీయే ఇది. నది ఒడ్డున ఇంత పెద్ద రాతి భవనం, లోపల అంత ఎత్తు హాలు, వెళ్ళి కూర్చుని పేపర్ చదువుకోవడానికి ఎవరూ రూపాయి అడగరు. బయట చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ నీడ ఉంటే అక్కడ ఉద్యోగ పరీక్షలకి చదువుకునే పిల్లలు. మావాడు ఒక అరగంట వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

అక్కడికి దగ్గరలోనే ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో, నది వైపు, ఒక చింతచెట్టు ఉంది. నేను ఈ ప్రయాణం పెట్టుకున్నది నిజానికి దానికోసమే. గేటు దగ్గర చింతచెట్టు చూడటానికొచ్చాం అని చెబితే లోపలికి వదిలారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో 15,000 మంది దాకా చనిపోయారని అంచనా. ఆ రోజు ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతుర్నీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు, తనొక్కరే బయటపడ్డారు. తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, ఆయన చెప్పిన ప్రకారం పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం, ఇదంతా పిల్లలకి పాఠంలో ఉండేదే. మేం గండిపేట అని పిక్నిక్‌కి వెళ్ళే చెరువు ఆ ఉస్మాన్‌సాగరే, ఆ వరద వల్లే పుట్టింది.

మాది మున్నేరు ఒడ్డు. 2024 సెప్టెంబరు ఒకటిన మున్నేరు పొంగినప్పుడు అమ్మ ఇంట్లోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. పక్కింటి డాబా మీద రాత్రంతా గొడుగు కింద కూర్చుంది, బీరువాలో నాన్న ఫొటోలన్నీ పోయాయి. చెట్టు కథ నేను చెబుతుంటే అమ్మ ఏమీ మాట్లాడకుండా చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత కాండం మీద చెయ్యి పెట్టి పైకి చూస్తూ, "పిల్లల్ని సంకలో పెట్టుకునే ఎక్కిన్రా ఇంత పైకి?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాండం చాలా లావు, బెరడు గట్లుగట్లుగా లేచి ఉంది, మొదట్లో వేళ్ళు సందుల్లోకి దూరేంత పగుళ్ళు. అమ్మ పర్సులోంచి చిన్న పసుపు పొట్లం తీసింది (అది ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది), చెట్టు మొదట్లో ఇంత పెట్టి, చెప్పులేసుకుని, "పద" అంది. అక్కడికి ఇంకెవరూ రాలేదు. చార్మినార్ చూసేందుకు వచ్చే వేలమందిలో పదిమంది అయినా కిలోమీటరు ఇవతలికి వచ్చి ఈ చెట్టు చూస్తే బాగుండు అని నాకు గట్టిగా అనిపించింది.

ఆ సాయంత్రం రవీంద్రభారతిలో కూచిపూడి ఉంటే వెళ్ళాం. ఎంజీబీఎస్ నుంచి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్ దిగితే నడిచేంత దూరమే. ప్రవేశం ఉచితం, ఎవరూ పాస్ అడగలేదు, మెత్తటి కుర్చీలు, ఏసీ. అయితే ఆరింటికని చెప్పిన కార్యక్రమం సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యి నాట్యం మొదలయ్యేసరికి ఏడున్నర దాటింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆ టైము చూసుకుని వెళ్ళండి. అక్కడే పైడి జైరాజ్ పేరుతో చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి హిందీ సినిమాల్లో హీరో అయి ఫాల్కే అవార్డు తెచ్చుకున్న మనిషి ఆయన. శనివారాల్లో సినివారం పేరుతో కొత్త కుర్రాళ్ళు తీసిన షార్ట్ ఫిల్ములు అందులో ఉచితంగా వేస్తారు. ఆ వారం ఉందో లేదో కనుక్కుని వెళ్ళడం మంచిది.

శనివారం పొద్దున ఏడింటికి ఆటోలో పురానాపూల్. ఇక్కడ వాసన గురించి చెప్పాలి. ఉదయం చలిలో తక్కువే, చున్నీ అడ్డం పెట్టుకుంటే సరిపోయింది. ఎండెక్కాక మాత్రం నిలబడలేం, ఎండాకాలంలో వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను. నీళ్ళు నల్లగా, అక్కడక్కడా నురగ. ఆ నల్లనీళ్ళలోనే తెల్ల కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టినప్పుడు తేటగా ఉండే నీళ్ళు ఊరు మొత్తం మురుగు మోసుకుంటూ ఇట్లా అయ్యాయి, పోయి పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. చూస్తుంటే బాధేస్తుంది. అట్లా అని చూడకుండా తప్పించుకుని పోవాలని మాత్రం నాకు అనిపించలేదు.

పురానాపూల్‌ని ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించాడు. చార్మినార్ 1591. అంటే ఊరి కంటే వంతెన పదమూడేళ్ళు పెద్దది! ఆయన కొడుకు మహమ్మద్ కులీ తను ప్రేమించిన భాగమతి కోసం వరదలో నది దాటాడని, అది తెలిసి తండ్రి ఈ వంతెన కట్టించాడని కథ. మావాడు వెంటనే ఫోన్లో లెక్క చూసి అప్పటికి ఆ కొడుక్కి పన్నెండు పదమూడేళ్ళు కూడా సరిగ్గా లేవన్నాడు. అమ్మకి ఆ లెక్క నచ్చలేదు. వంతెన మీద బళ్ళు తిరగవు, కూరగాయలు అమ్ముతారు. ఒకామె తడిపిన గోనెసంచి మీద మెంతికూర కట్టలు కోనేరు గట్టులాగా గుండ్రంగా పేర్చి, మధ్యలో ఖాళీలో తను కూర్చుంది. కట్ట విప్పి వాడిన ఆకు ఒక్కోటీ గిల్లి పక్కన పడేసి, మళ్ళీ అదే గడ్డిపోచతో ముడి వేస్తోంది, చూపు మాత్రం కొనేవాళ్ళ మీదే. నాలుగున్నర శతాబ్దాల వంతెన ఇట్లా పనిలో ఉండటం నాకు భలే నచ్చింది, మ్యూజియం చేసి గేటు పెడితే ఇంత ప్రాణం ఉండేది కాదు. జామకాయలు కొనుక్కుని తింటూ దక్షిణం ఒడ్డుకి దాటి సిటీ కాలేజీ, హైకోర్టు వైపు నడిచాం.

ఈ దారిలో ఫుట్‌పాత్ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. నది వైపు గోడ, చెత్త, ఆగి ఉన్న లారీలు, నది కనబడేది వంతెనల దగ్గరే. అమ్మ వయసువాళ్ళకి కష్టం, మేం సగం దూరం ఆటో ఎక్కించాం. హైకోర్టు ఎర్ర గోడలు, తెల్ల గుమ్మటాలు చూడాలంటే నయాపూల్ మీద నిలబడి చూడండి. ఒకవైపు హైకోర్టు, ఇంకోవైపు ఉస్మానియా, మధ్యలో నది. ఈ ఊళ్ళో అంతకంటే మంచి దృశ్యం నేను చూడలేదు.

మదీనా సెంటర్ దాటి కొంచెం లోపలికి వెళ్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, మొహర్రంలో పీర్లను నిలిపే చోటు. ఉచితం, చెప్పులు బయట వదలాలి. గోడల నిండా పసుపు, నీలం, ఆకుపచ్చ పింగాణీ పలకలు, పీర్ల ఆకారంలో పెద్ద పెద్ద నమూనాలు, నాలుగు వందల ఏళ్ళ నాటివి. అక్కడి పెద్దాయన అమ్మని "ఆపా, ఇక్కడ చూడండి" అని పిలిచి ఒకచోట వేలు పెట్టి చూపించాడు. అక్కడ పలకలు లేవు, అదే నమూనా రంగుతో దించారు. 1908 వరదకి దెబ్బతిన్న చోటట. నిన్న చెట్టు దగ్గర విన్న నీళ్ళు ఇంత దూరం వచ్చాయని అప్పుడు తెలిసింది మాకు. పలక మెరుస్తుంది, రంగు మెరవదు, అంతే తేడా.

సాలార్‌జంగ్ మ్యూజియానికి టికెట్ ఉంది, అయినా ఇదొక్కటీ కొన్నాం. శుక్రవారం సెలవని గుర్తుపెట్టుకోండి. మేలిముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గర అమ్మ పావుగంట నిలబడి "రాయేనా ఇది, నిజంగా రాయేనా" అంటూనే ఉంది. అక్కడి బొమ్మల గడియారం కోసం పన్నెండింటికి చేరండి, అప్పుడైతే బొమ్మ బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొడుతుంది. పదకొండున్నరకే బెంచీలు నిండిపోయాయి. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళకి మంచి టాయిలెట్ దొరికింది మాకు ఇక్కడే.

సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. ఎంజీబీఎస్ నుంచి మెట్రోలో మూడో స్టేషన్. రవీంద్రభారతి అంత పెద్దది కాదు, కుర్చీలు అంత బాగుండవు, మైకు రెండుసార్లు కీచుమంది. కానీ రెండింట్లో ఒకటే చూడాలంటే నేను ఇదే చూడమంటాను. రోజూ ఏదో ఒకటి ఉంటుంది, పుస్తకావిష్కరణో, పాటకచేరీయో, ఎవరినీ ఎందుకొచ్చావని అడగరు. ఆ రోజు మా అదృష్టం కొద్దీ పౌరాణిక పద్యాలు. హార్మోనియం పెట్టె ముందు ఒకాయన, కృష్ణుడి రాయబారం పద్యాలు ఎత్తుకున్న ఇంకో పెద్దాయన. గొంతు కొంచెం బొంగురుపోయింది గానీ రాగం తీస్తుంటే ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియలేదు. ముందు వరసలో అంతా డెబ్బై దాటినవాళ్ళే, పద్యం చివరి పాదం అందరూ పెదాలతో అంటున్నారు. అయిపోగానే ఎవరో గట్టిగా "వన్స్‌మోర్" అన్నారు. చూస్తే మా అమ్మ. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఆమె నలుగురిలో గొంతెత్తడం వినలేదు. ఆయన నవ్వి, ఒక గుక్క నీళ్ళు తాగి, మళ్ళీ పాడారు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాలు. షట్టర్లు దించిన షాపుల ముందంతా పరుస్తారు, పదింటికల్లా వెళ్తే మంచివి దొరుకుతాయి. మావాడు నలభై రూపాయలకి తెలుగులో ఖగోళశాస్త్రం పుస్తకం కొన్నాడు, మొదటి పేజీలో సిరా పెన్నుతో "ప్రథమ బహుమతి, 1979" అని ఉంది. వాడు తన పేరు దాని కింద రాసుకున్నాడు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి ఈసారి వెళ్ళలేకపోయాం. కిందటేడు నేనొక్కదాన్నే వెళ్ళాను, చెట్టు కింద టీ, సమోసా, చాలా కార్యక్రమాలు ఉచితం, కుర్రాళ్ళకి బాగా నచ్చే చోటు. అమ్మలాంటి వాళ్ళకి మాత్రం గానసభే.

ముగ్గురికీ మూడు రోజులకు బస, తిండి, మెట్రో, ఆటో, మ్యూజియం అన్నీ కలిపి ఆరువేలు దాటలేదు, అందులో సగానికి పైగా హోటల్‌దే. ఏటా సెప్టెంబరు 28న ఆ చింతచెట్టు కింద వరదలో పోయినవాళ్ళని తలుచుకుంటూ కొందరు కలుస్తారని బస్సులో చెప్పాను. "అయితే ఆ రోజుకి పోదాం, కాచిగూడ ఆయనకి ముందే ఫోన్ చెయ్యి" అంది అమ్మ.