పటం బాగా కట్టారు, కింది వరస కోసేశారు

తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులో ఒక పటాల అంగడి ఉంది. పేరు చెప్పను, ఓనరు మంచోడే. శ్రీవారి పటాలు, అమ్మవారి పటాలు కట్టే ఆ చోటికి నేను తీసుకుపోయింది పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు కార్టూనిస్టు జేమ్స్ గిల్‌రే గీసిన రెండు కార్టూన్ల ప్రింట్లు, ఆన్‌లైన్లో తెప్పించినవి. పనితనానికి వంక పెట్టలేం. టేకు ఫ్రేము, గోరు కూడా దూరని మూలలు, గ్లాసు లోపల దుమ్ము లేదు, చెప్పిన రోజుకే ఇచ్చారు.

మొదటిది 1792 నాటిది. ఒక పక్క బక్కచిక్కిన ఫ్రెంచోడు పచ్చి కాడలు నములుతూ స్వేచ్ఛ వచ్చిందని మురిసిపోతుంటాడు, ఇంకో పక్క బానపొట్ట ఇంగ్లీషోడు ఇంత లావు మాంసం కోసుకుంటూ పన్నులతో చంపేస్తున్నారని ఏడుస్తుంటాడు. అంగట్లో పనిచేసే కుర్రాడు చూసి "ఈయన మా మామ మాదిరే ఉండాడు సార్" అన్నాడు. నిజానికి ఫ్రెంచోళ్లంటే ఎముకల గూళ్లు అనే ఎగతాళి అప్పటికే పాతది, గిల్‌రే కంటే ముందు బొమ్మలేసిన ఇంగ్లీషు చిత్రకారుడు హోగార్త్ కూడా అదే వాడుకున్నాడు. గిల్‌రే తనవాళ్ల పొట్టనూ వదల్లేదు కాబట్టి ఇది ఇప్పటికీ నవ్విస్తుంది.

రెండోదాని కోసమే అసలు ఈ ఖర్చంతా. 1791లో ఇంగ్లీషోళ్ల గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ టిప్పు మీదకి శ్రీరంగపట్నం దాకా పోయి, వానలు పట్టుకుని, తిండీ ఎడ్లూ లేక వెనక్కి తిరిగాడు కదా, కోట మీద నుంచి టిప్పు ఆయన మీద మూత్రం పోస్తున్నట్టు గిల్‌రే గీశాడు. తమ గవర్నర్ జనరల్‌ని అంత మాట అనడానికి గుండె కావాలి, సరే. కానీ ఆ వెకిలి పని చేయించడానికి తలపాగా చుట్టిన మొరటు రాజే దొరికాడు చూడండి, అక్కడ నాకు కాస్త మండుతుంది. టిప్పు నాయన హైదరాలీ 1782లో కన్నుమూసింది మన చిత్తూరు పక్కనే మరి.

ఇక గొడవ. మౌంటులో, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్టలో, పట్టలేదని, ఒక్క మాట అడక్కుండా, మొదటి ప్రింటు కింది అంచు కోసేశారు. అచ్చేసి అమ్మిన హన్నా హంఫ్రీ పేరు, తేదీ ఉండేది ఆ వరసలోనే. ప్రింట్లను ఎవరుబడితే వాళ్లు దొంగతనంగా అచ్చేయకుండా హోగార్త్ వాళ్లు పోరాడి 1735లో తెచ్చుకున్న చట్టం ఆ పేరూ తేదీ ఉండాలంది. అడిగితే ఓనరు, "ఆ చీమ అక్షరాలు ఎవురు చదువుతారు సార్" అని వంద తగ్గించాడు.

మూడు స్టార్లు. మీరు పోతే కొలత రాసిచ్చి, కోయొద్దని ముందే చెప్పండి. టిప్పు పటం మాత్రం పూజగదికి ఎదురుగా వద్దని మా అమ్మ పంతం, ప్రస్తుతానికి బీరువా వెనక ఉంది.