రామతీర్థం కొండ మీద మయూరశిఖ

సెప్టెంబరులో అమ్మ, మా ఆవిడ, పదేళ్ల పాపతో విజయనగరం వెళ్లి రెండు రోజులున్నాం. కోట, పైడితల్లి గుడి, గంటస్తంభం హాయిగా చూశాం. నేను రాయాలనుకున్నది మాత్రం ఒక చిన్న మొక్క గురించి.

మొదటి సాయంత్రం రోడ్డు పక్కన ఒకాయన గోనెపట్టా పరిచి ఎండిన మొక్కలు అమ్ముతున్నాడు. అరచేతిలో ఇమిడే తాటాకు విసనకర్రల్లా ఉన్నాయి, గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. "రామతీర్థం కొండ సంజీవని తల్లీ, నీళ్లలో పెడితే పచ్చగా నెగుస్తాది, నూరి రాస్తే మోకాళ్ల నొప్పులుండవు" అన్నాడు. కట్ట 200 రూపాయలు. అది మయూరశిఖ, ఆక్టినియాప్టెరిస్ రేడియేటా అనే ఫెర్న్. డిగ్రీలో బోటనీ చదివాను కాబట్టి చూడగానే తెలిసింది. సంజీవని అని మామూలుగా అమ్మేది సెలాజినెల్లా, అది వేరే మొక్క. ఇంత చెప్పినా అమ్మ వినలేదు. "నా మోకాళ్ల బాధ నీకేం తెలుసురా" అని డబ్బు తీసిచ్చేసింది.

ఇక బస్టాండు దగ్గర లాడ్జి. ఫోన్లో ఏసీ రూము 1,400 అన్నవాళ్లు, సామాన్లు దించాక 1,800 అన్నారు. అదనపు పరుపుకు మరో 300. ఆ పరుపుకు దుప్పటి లేదు. నీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు వరకే వస్తాయట, ఆ సంగతి తాళం ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇంకో బకెట్ అడిగితే "రూముకి ఒకటే" అని కౌంటరు కుర్రాడు తలెత్తకుండానే అన్నాడు. మా ఆవిడ ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. ఉన్న ఒక్క మగ్గులో అమ్మ మొక్క నానబెట్టింది. తెల్లారేసరికి నీళ్లు టీ రంగులోకి వచ్చాయి, ఆకులు మెత్తబడ్డాయి, పచ్చదనం మాత్రం రాలేదు. కట్ట విప్పి చూస్తే ఒక్కదానికీ వేరు లేదు. అమ్మ ఏమీ అనకుండా మళ్లీ కవర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. నాకు ఆ 200 కంటే అదే ఎక్కువ బాధేసింది.

రామతీర్థం విజయనగరం నుంచి సుమారు 12 కిలోమీటర్లు. ఆటోకి రానుపోను, వెయిటింగుతో కలిపి 700 ఇచ్చాం. అక్కడి నీలాచలం కొండ మెట్లెక్కుతుంటే సగం దూరంలో పాప "నాన్నా, చిన్న తాటిచెట్లు!" అని అరిచింది. నిలువు రాతి పగుల్లో, చిటికెడు మట్టి కూడా లేనిచోట, ఏడెనిమిది మొక్కలు. జానెడు ఎత్తు కూడా లేవు. ముందురోజు వానకు ఆకులు పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. ఒక ఆకుని మెల్లగా వెనక్కి తిప్పి చూపించాను. ఆకులోని ప్రతి చీలిక అడుగునా రెండంచుల వెంట గోధుమరంగు గీతలు. అవే సిద్ధబీజాలు, అంటే కొత్త మొక్కకు మొదలైన పొడిలాంటి కణాలు, ఉండే చోట్లు. పువ్వూ విత్తనమూ లేని ఈ మొక్కకు వంశం అలాగే సాగాలి. ఆ సిద్ధబీజం మొలిచాక కూడా తడి ఉంటేనే ఫలదీకరణ జరుగుతుంది. అందుకే ఒక దుబ్బు పీకితే ఆ పగులు తొందరగా నిండదు.

మెట్ల మీద అలుపు తీర్చుకుంటున్న ఒక మామ్మ మమ్మల్నే చూస్తోంది. "పీకీకండి బాబూ. ఎండల్లో సచ్చిపోయినట్టు పడుంటాది, వానకి నెగుస్తాది. ఇదివరకు కిందకంటా ఉండీవి. సంచుల్లో పట్టుకుపోతన్నారు" అంది. అమ్మ తన సంచివైపు చూసుకుంది.

వెళ్లాలనుకుంటే వానలు పడుతుండగా, ఉదయం ఏడింటికల్లా కొండెక్కండి. తడి రాయి జారుతుంది, మంచి పట్టున్న చెప్పులు వేసుకోండి. పక్కనున్న గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహార శిథిలాలకూ ఓ గంట కేటాయించండి. ఎండిన కట్టలు ఎవరమ్మినా కొనకండి. లాడ్జికి డబ్బు కట్టేముందు కుళాయి తిప్పి చూడండి.

కిందకి దిగాక చోడి (రాగి) అంబలి తాగాం, గ్లాసు 20 రూపాయలు, నంజుకోడానికి ఉల్లిపాయ ముక్క. మా ఆవిడ ముందురోజు తర్వాత మొదటిసారి నవ్వింది. అమ్మ రెండో గ్లాసు అడిగింది.