తిరుపతి పాత వీధుల్లో యాషికా మ్యాట్ 124జి: ఏళ్ల వాడకం తర్వాత

రాతి గోపురాలు, పాత మిద్దెలు, అరుగుల మీద తీరిగ్గా కూర్చున్న మనుషులు మీకిష్టమైతే యాషికా మ్యాట్ 124జి ఫిల్ము కెమెరా కొనుక్కోండి. బ్రహ్మోత్సవాల జనం, పరిగెత్తే పిల్లలు కావాలంటే దీని జోలికి రావద్దు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో ఏళ్ల తరబడి దీన్ని మెడలో వేసుకుని తిరిగి చెబుతున్న మాట ఇది.

కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కలు. జపాన్ కెమెరా, 1970లో వచ్చింది. ముందు రెండు లెన్సులుంటాయి. పైదానిలోంచి వచ్చే బొమ్మను కెమెరా నెత్తినున్న అద్దం మీద తల వంచి చూస్తాం, కిందిదానిలోంచి ఫిల్ముకు వెలుగు పడుతుంది. 120 రకం ఫిల్ము రోలు వేస్తే చదరపు ఫొటోలు 12 వస్తాయి. లెన్సు 80 మి.మీ., ఎఫ్ 3.5. వెలుగును లోపలికి వదిలే షట్టరు వేగం ఒక సెకను నుంచి 1/500 సెకను దాకా. బరువు కిలో పైమాటే, పొద్దంతా తిరిగితే మెడ లాగేస్తుంది.

ఇక గోపురం సంగతి. మట్ల వంశపు పాలకుడు అనంతరాజు కట్టించిన ఈ గోవిందరాజస్వామి గుడి రాజగోపురం ఏడంతస్తులు, సుమారు 50 మీటర్ల ఎత్తు. ఏ కెమెరానైనా మోర పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి ఒరిగినట్టు వస్తుంది. అందుకే నేను దీన్ని అస్సలు పైకెత్తను. నడుము దగ్గర నిటారుగా పట్టుకుని, చూసే అద్దం మీది గీతలకు గోపురాన్ని సరిపెట్టి, శిఖరం దాకా చదరంలో పైసగంలో ఇమిడేవరకూ వెనక్కి నడుస్తాను. కింది సగంలో పడే రోడ్డును ప్రింటులో కోసేస్తే సరి. సగం కోసినా మిగిలే నెగెటివు మామూలు 35 మి.మీ. ఫ్రేము కంటే పెద్దదే. అయితే ఈ లెన్సుతో 50 మీటర్ల గోపురం అలా పట్టాలంటే 140 మీటర్లు వెనక్కి పోవాలి. అంత దూరంలో కరెంటు తీగలూ బ్యానర్లూ అడ్డం. ఎవరినైనా అడిగి వాళ్ల మిద్దె ఎక్కడం మేలు. పది మీటర్ల ఎత్తు దొరికినా దూరం 115కు దిగుతుంది, తీగలు చాలావరకు కాళ్ల కిందకి పోతాయి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, ఎక్కాక కాఫీ కూడా ఇస్తారు.

గోపురం తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్లాలని అందరూ అంటారు. నా మాట వింటే చలికాలం పొద్దున వెళ్లండి. మార్గశిరం, పుష్యంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి పొడుస్తాడు. వెలుగు పక్కవాటుగా పడి ఒక్కో బొమ్మా నీడతో సహా లేచి నిలబడుతుంది. ఎండాకాలంలో అదే గోపురం చప్పగా కనిపిస్తుంది. గుడి లోపల మాత్రం కెమెరా మాటే లేదు, ఏం తీసినా బయటే.

ఊరి వెనక శేషాచలం కొండల ఎర్రటి రాతి గోడలున్నాయే, వాటికి నారింజ ఫిల్టరు తప్పనిసరి. నలుపు తెలుపు ఫిల్ములో ఆ ఎరుపు తేలికపడి, నీలాకాశం ముదిరి, కొండ ముందుకొస్తుంది. ఫిల్టరు ఆపేసే వెలుగుకు బదులు రెండు స్టాపులు ఎక్కువ, అంటే నాలుగింతల వెలుగివ్వాలి.

మనుషుల విషయంలో దీని మహిమ వేరు. కన్ను మీద కెమెరా పెట్టి గురిచూస్తే ఎవరైనా బిగుసుకుపోతారు. ఇక్కడ మనమే తల వంచి నిలబడతాం. తీర్థకట్ట వీధిలో పూలు కట్టే ఒక అవ్వ "ఏంది నాయనా అది, రేడియోనా?" అని అడిగింది. అద్దంలోకి చూడమన్నాను. కాసేపు వంగి చూసి, "ఆటో అట్ల పోతా ఉంటే ఇందులో ఇట్లొస్తా ఉండాదే!" అంది. అవును, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. అలవాటు పడేదాకా చిరాకే. ఆమె మళ్లీ పూలలో పడింది, దారం పళ్లతో తెంపే క్షణంలో నొక్కాను. ఈ షట్టరు చప్పుడు ఆమెకు వినపడనే లేదు. నొక్కగానే లోపలి అద్దం టప్పున ఎగిరిపడే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా అయితే ఆ ఫొటో దక్కేది కాదు.

కెమెరాలోనే ఉన్న, వెలుగు కొలిచే లైట్ మీటరును నమ్ముకోవద్దు. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి చేసింది, అవి ఇప్పుడు అమ్మరు. మామూలు 1.5 వోల్టుల సెల్లు వేస్తే రీడింగు తప్పుతుంది. వినికిడి యంత్రాల జింక్ ఎయిర్ సెల్లును సైజు సరిపెట్టే రింగుతో పెడితే దగ్గరగా చూపిస్తుంది. నేను మీటరు మానేశాను. మిట్టమధ్యాహ్నం వీధిలో ఎండకూ మండపం నీడకూ ఉన్న తేడా ఏ మీటరు సూదికీ అందదు. హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిల్ము స్పీడును (ఐఎస్ఓ) 400 బదులు 200గా లెక్కేసి, నీడకు సరిపోయేలా వెలుగిచ్చి, డెవలపింగు కాస్త తగ్గిస్తాను. నీడలో కూర్చున్న మనిషి ముఖం దక్కుతుంది, ఎండలోని తెల్లటి పంచెల మడతలూ చెరిగిపోవు.

డెవలపింగు ఇంట్లోనే. వేసవిలో మన కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి, ఫిల్ము కడిగే డెవలపరు ద్రావణం 20 దగ్గరుండాలి. ఐసు ముక్కలు కవరులో కట్టి చుట్టూ పెట్టండి, ద్రావణంలో వేయొద్దు. ఫిల్మును రీలుకు చుట్టే నల్లసంచిలో చేతులు చెమటలు పట్టి ఫిల్ము అతుక్కుంటుంది. ఆ పని తెల్లవారుజామున పెట్టుకోండి. కార్తీకం వానల్లో లెన్సుకు బూజు పట్టే ప్రమాదముంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాలి.

ఖర్చు దాచను. రోలు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ, అంటే నొక్కిన ప్రతిసారీ ఎనభై రూపాయల పైచిలుకు. ఆ లెక్క తెలిసే నేను ఒక గుమ్మం ముందు పావుగంట నిలబడతాను, అందుకు విచారం లేదు.

పాతది కొనేటప్పుడు షట్టరును ఒక సెకను స్పీడు మీద పెట్టి నొక్కి వినండి, ఈ పాత కెమెరాలు ముందు అక్కడే మొరాయిస్తాయి. వెనక తలుపు నురుగు సీళ్లు జిగటగా మారుంటే వెలుగు కారుతుంది, మార్పించడం తేలికే. లెన్సు వెనక టార్చి వేసి బూజు చూడండి. చివరగా పాడైన రోలు ఒకటి ఎక్కించి హ్యాండిల్ తిప్పుతూ ఫ్రేముల మధ్య ఎడం సమానంగా ఉందో లేదో చూసుకోండి. అక్కడ తేడా ఉంటే మాత్రం ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.